ఆదివారం ఏడున్నర

గుణుపురంలో సైకిల్ షాపు మీద గది,
గోడకి నీలం దుప్పటి,
రెండొందల వాట్ల బల్బులు నాలుగు:
అదే మా కేబుల్ స్టూడియో.
మైకు వైరు పట్టుకున్నవాణ్ణి నేను.

బెహరా తౌడమ్మ ఊడుపు పాట ఎత్తుకుంటే
తెలుగులో దిగి ఒడియాలో ఒడ్డెక్కేది.
మధ్యలో ఎవరో ఫోన్ చేసి
"అప్పా, మా సవర మాటొకటి కలపవా" అంటే
కలిపేసేది. నవ్వు కూడా తాళంలోనే.

విశాఖ చానెల్ కారు పంపింది.
తౌడమ్మ పేరు తీసేసి తరళ అన్నారు.
"ఏటి" అనకూడదట, "ఏమిటి" అనాలట.
ప్లాస్టిక్ వరినారు చేతికిచ్చి వంగమన్నారు.
వంగింది.
పాదాలు బురద కోసం తడుముకున్నాయి.
పాట రాలేదు.
వెనకాల రికార్డు పాడింది, ఆవిడ పెదాలు కదిపింది
ఏడేళ్లు.
జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

కొత్త పిల్ల వచ్చాక
పాలకొండ బస్సులో తిరిగొచ్చింది.
స్టూడియో లేదిప్పుడు. ఆ బల్బులు నా కోళ్ల షెడ్డులో,
నిన్న గుడ్డు చీల్చుకొచ్చిన పిల్లల నెత్తిన.

పలకరిద్దామని వచ్చి
ఆ పచ్చటి వెలుగులోకి ఒకడుగేసి
కొంగు సర్దుకుని
నావైపు చూసింది,
వైరు పట్టుకున్నావా అన్నట్టు.