టికెట్టు వెనక

సాల్మన్‌రాజు ఫోన్లో పంపిన ట్యూను
నలభై రెండు సెకన్లు.
తాననా తానానా అని తనే అన్నాడు,
వెనకాల వాళ్ళ గేదె కూడా ఒకసారి అంది.
"మాటలు నువ్వు పడెయ్ గురూ, ఆదివారానికి కావాలి."
మూడు ఆదివారాలు దాటిపోయాయి.

నర్సాపురం రేవులో పంటు మీద టికెట్లు చింపుతాను నేను.
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోయేలోగా
నాలుగు ముక్కలు రాసుకోవచ్చు,
నాలుగూ కొట్టేసుకోవచ్చు.
"వెన్నెల" అని రాసి, అందరూ వాడేశారని కొట్టేశాను.
"గోదారి" అని రాసి, ఎదురుగానే ఉంది కదాని కొట్టేశాను.
"నీ" అని రాసి, ఎవరని ఆగాను.
ఆ "నీ" దగ్గరే ఆరు రోజులు లంగరేసి ఉండిపోయాను.

మంగళవారం పొద్దున్న రొయ్యల షెడ్డు ఆడాళ్ళు ఎక్కారు,
ఒంటికి ఐసు వాసన, వేళ్ళకి గుడ్డపీలికలు.
ఇంజను చప్పుడు మీదే ఎత్తుకుంది వీరవేణి:
మేస్త్రీ మీసం,
కిలోకి తగ్గించిన రూపాయి,
నిన్నటి చింతచిగురు కూర, మొగుడి గుర్రు,
వాటి పక్కన, ఎందుకో, ఒక నక్షత్రం.
ఏదీ దేనికీ చుట్టం కాదు.
పల్లవి తిరిగొచ్చేసరికి
అన్నీ ఒకే బంతిలో కూచుని ఉన్నాయి.

"వేణమ్మా, ఆ నక్షత్రం ముక్క మళ్ళీ అను, రాసుకుంటా."
"ఏ నక్షత్రమండీ?
నోట్లోంచి జారిపోయిందాన్ని పట్టడానికి
నేనేమన్నా వలేసుకు కూచున్నానేంటండీ?"

తర్వాతి ట్రిప్పులో చిత్తుపుస్తకం తియ్యలేదు.
టికెట్టు వెనక రాశాను, పెన్ను ఎత్తకుండా:
బురద కొట్టుకున్న మోటారు సైకిలు,
కొబ్బరిపీచు లారీ మీద నిద్రపోతున్న క్లీనరు,
అమ్మ వేసుకోడం మర్చిపోయిన మాత్ర,
పోటు వేళ నది వెనక్కి నడవడం,
ఉప్పగా, సిగ్గు లేకుండా.
ప్రాస వచ్చిందో లేదో చూళ్ళేదు.

సఖినేటిపల్లి రేవు తగిలింది.
జనం, కోళ్ళబుట్టలు, చిల్లర గొడవ.
చేతికందిందల్లా చింపి ఇచ్చేశాను.
తీరా చూసుకుంటే రాసిందీ పోయింది,
ఎవరి చొక్కా జేబులోనో
అంతర్వేది బస్సెక్కి.

వారం కిందటైతే ఆ బస్సుని ఆపించేవాణ్ణి.

రాత్రి సాల్మన్‌రాజుకి ఫోన్లో ఏదో పాడాను.
అందులో క్లీనరు లేడు, పోటు ఉంది,
ఎక్కణ్ణుంచి వచ్చిందో మేస్త్రీ మీసం కూడా ఉంది.
"నీ" లేదు.
కాసేపు వేళ్ళతో లెక్కపెట్టుకున్నట్టున్నాడు.
"మూడో లైన్లో ఒక మాత్ర ఎక్కువైంది గురూ" అన్నాడు.

"అది మా అమ్మది. ఉండనీ."