గీత మందం

బ్రాడీపేట నాలుగో లైనులో
మెట్ల కింద గది నాది.
థీసిస్‌లు టైపు చేస్తాను, పటాలు గీస్తాను,
శుభలేఖ మీద చిలకని కుడి నుంచి ఎడమకి తిప్పుతాను.
మార్చి నెల. మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు గాలి.
తుమ్ముకుంటూ వచ్చాడతను.
నాగార్జున యూనివర్సిటీ, తేనెటీగల మీద పరిశోధన.
పేరు రెబ్వార్. బాటసారి అని అర్థమట.

"వీధిని లైనంటారా మీరు?" అన్నాడు కూర్చోకముందే.
"లైనులో కాపురాలుంటాయా?"
ఉంటాయన్నాను. ఇడ్లీ బండి ఉంది,
పళ్ళ డాక్టరున్నాడు, పై వాటాలో వీణ పాఠాలు.
అడ్డరోడ్డు దాటితే ఐదో లైను,
ఎవరూ ఏమీ అడగరు.

పెన్సిలు పటం పరిచాడు.
కొండలు, మూడు వాగులు,
ఇరవై ఆరు తేనెపెట్టెలు ఇరవై ఆరు చుక్కలు.
వాటి నడుమ ఒక గీత.
"నిండుగా పెట్టనా, చుక్కలుగానా? మందం ఎంత?"
అలవాటు కొద్దీ అడిగాను.
రాష్ట్రం రెండైన ఏడు స్కూలు అట్లాసులు దిద్దిన చెయ్యి ఇది:
ఒక క్లిక్కుకి భద్రాచలం అటు,
ఒక క్లిక్కుకి కూనవరం ఇటు.
అర పాయింటు గీత.
టీ చల్లారేలోపు అయిపోయేది.

అతను చాలాసేపు పలకలేదు.
తర్వాత, మెస్సులో నేర్చిన తెలుగులో:
"అమ్మ ఆ గీత మీద మేకలు తోలుద్ది అక్కా.
గీతెక్కడో మేకలకి తెలవదు.
అమ్మకి తెలుసు, చెప్పదు."

పెద్ద మామ తుపాకీతో కొండెక్కాడట.
చిన్న మామ సర్కారు జీతం తీసుకుని
పెద్ద మామని వెతుకుతాడట.
శీతాకాలం ఇద్దరికీ తేనె పంపేది అమ్మే.
అటు దేశం విమానాలు ఇటు కొండ మీదికొస్తాయి.
బాంబు మీద రాత తుర్కీ.
దాన్ని ఖండించే కాగితం అరబ్బీ.
అమ్మకి రెండూ రావు.

రెండో ప్రూఫు నాటికి ఫోను చేతిలోనే ఉంది.
నల్లబడ్డ వాలు చూపించాడు,
వేలితో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి.
"పదిహేడు చుక్కలు తీసెయ్యి."
తీశాను. ఒక్కొక్కటే.
ఒకేసారి ఎంచుకుని తీసే పద్ధతి తెలిసి కూడా.
అమ్మ?
కింద టౌనులో ఏదో బడిలో ఉంది. మేకలు లేవు.
మరి గీత?
"పది కిలోమీటర్లు ఇటు జరిపారు. కాగితం మీద మాత్రం జరగలేదు."

కాగితం మీద జరగనిదాన్ని
నేను ఏ పనిముట్టుతో గీయాలి?
"తెల్ల రంగు పెట్టు," అన్నాడు.
పెట్టాను. నలభై ఒకటో పేజీలో గీత ఉంది,
కాగితం రంగులో, అర పాయింటు.

వారానికి గైడు దగ్గర్నుంచి తిరిగొచ్చింది పేజీ,
ఎర్ర పెన్ను సున్నా చుట్టి:
సరిహద్దు ఏదీ?

నవ్వాడు రెబ్వార్. అంతలోనే తుమ్మొచ్చింది.
రేపొస్తానని లేచాడు.
మెట్ల కింద నుంచి చూస్తున్నాను:
నాలుగో లైను చివర ఆగాడు.
అటు ఆటో, ఇటు స్కూటరు,
రెండిటినీ చూడలేదు.
తలెత్తి ఆకాశం చూశాడు ఒక నిమిషం,
ఆ తర్వాత దాటాడు
ఐదో లైనులోకి.