ఎంత లోతు

ఉరవకొండ బస్టాండు వెనక సందులో మా వైండింగ్ షాపు.
ఏడొందల అడుగుల కింద బురద మింగి కాలిన మోటర్లు
వరసగా పడుకొని ఉంటాయి.
వాటి మాడిన పేగులు లాగేసి
కొత్త రాగి పేగులు చుట్టడం నా పని.

మాబుబాషాది థర్మోకోల్ పని.
పెళ్లి స్టేజీలకు పేర్లు కోస్తాడు,
వేడి తీగ కింద వధువు ఒక ముక్క, వరుడు ఒక ముక్క.
మిగిలిన తునకలతో జెట్టు చేశాడు.
కుడి రెక్క లోపల, బూడిద రంగు కింద
ఎవరిదో పేరు సగం ఇంకా ఉంది:
'లత వెడ్స్'.
ఎవర్ని చేసుకుందో మా ఇద్దరికీ గుర్తు లేదు.

మొదటి ఫ్యాను అరవై నాలుగు మిల్లీమీటర్లు, ఆరు రెక్కలు.
చెవిలో దూరిన దోమలాగా కీచుమనేది.
ఎగరలేదని కాదు. ఎగిరేది,
అప్పిచ్చినోడి ఇంటి ముందర నడిచేవాడి మాదిరి
తల వంచుకొని, గబగబా, కిందుగా.

"దీని గొంతు మార్చాలన్నా" అన్నాడు బాషా.
మార్చినాము.
డెబ్భై మిల్లీమీటర్లు, పన్నెండు రెక్కలు.
నాలుగు సెల్లుల బ్యాటరీ పోయి ఆరు సెల్లులది,
నలభై ఆంపియర్ల ఈఎస్సీ పోయి ఎనభైది.
ఎంతయిందో ఇంట్లో సగం చెప్పినాను.

పన్నెండింటిలో ఒక రెక్క గోరంత బరువెక్కువ.
ఫ్యానును వేళ్ల మధ్య పట్టుకొని తిప్పితే వణుకు తెలుస్తుంది.
ఎదురు పక్క టేపు ముక్క అంటించాను,
పీకాను, సగం కత్తిరించి మళ్లీ అంటించాను.
పదిహేను హెచ్‌పీ మోటర్లను కూడా
ఇంత బుజ్జగించింది లేదు నేను.
తోకకు స్ప్రింగు కాటా తగిలించి స్టిక్ తోస్తే
ముల్లు రెండు కేజీలు దాటింది.
షాపులో కాగితాలన్నీ లేచినాయి,
బాకీల పుస్తకంతో సహా.

ఊరి బయట ఒక వెంచరు. ప్లాట్లు అమ్ముడుపోలేదు,
తారు రోడ్డు మాత్రం నలభై అడుగుల వెడల్పు,
గీసినట్టు నేరుగా.
దిబ్బ మీద గాలిమరలు గాలి తిని కరెంటు ఇస్తాయి.
మాది కరెంటు తిని గాలి కక్కుతుంది.

స్టిక్ తోశాక ఒక్క రెప్పపాటు ఏమీ కాదు,
ఫ్యానుకు ఊపిరి అందాలి.
తర్వాత
కీచు లేదు.
మగ్గం మీది పట్టును నిలువునా చింపిన మోత.
రోడ్డు అయిపోకముందే చక్రాలు నేల మరిచిపోయినాయి.
పాము పడగ మాదిరి నిలబడిన కొండ మీదుగా
ఒరిగి తిరిగింది,
బాషా గొంతులోంచి ఏదో వచ్చింది, మాట కాదు.

టైమరు మూడు నిమిషాల యాభై సెకన్లకు పెట్టినాము,
పాత ఫ్యాను తిండి లెక్కన.
కొత్తది రెండున్నరకే గిన్నె నాకేసింది.
ఈఎస్సీ కోసేసింది.
మోత ఆగిపోయి, చెవుల్లో గాలి ఒక్కటే.
ఎవరో చేతిలోంచి వదిలిన కాగితంలా జారి జారి
చెనక్కాయ చేనులో, పీకిన చెట్ల కుప్పలో
ముక్కు పెట్టింది.

సుంకులమ్మ దాన్ని మేకపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొని వచ్చింది.
ముందరి రంధ్రంలో వేలు పెట్టి చూసింది.
"ఏమప్పా వైండింగాయనా, ఇది ఎంత లోతు పోతాది?"
"లోతుకు కాదమ్మా. పైకి."
చెయ్యి అడ్డం పెట్టుకొని
పైకి చూసింది. చాలాసేపు చూసింది.
"ఆడేమన్నా పడినాయా నీళ్లు?"

బాషా పడీపడీ నవ్వినాడు.
నాకు నవ్వు రాలేదు.
మా షాపులో తలుపు పక్క మూడో మోటరు ఆమెదే.
అడ్వాన్సు తీసుకొని పంతొమ్మిది రోజులు.
ఆ అడ్వాన్సే ఇప్పుడు
ఆమె చంకలో పన్నెండు రెక్కలతో ఉంది.
ఆమె ఆ మాట అడగలేదు.
తిరిగి ఇచ్చేటప్పుడు రెక్క మీది మట్టి కొంగుతో తుడిచింది.

ఆ రాత్రి షట్టరు సగం దించి
మూడో మోటరు ముందు కూచున్నాను.
తీగ చుట్టాను, వార్నిష్ పోశాను.
రోటరును వేళ్ల మధ్య తిప్పి
వణుకు కోసం వెతికినాను, ఎన్నడూ లేనిది.

రెండు దాటినాక బాషా ఫోను.
ఫ్యానులో చెనక్కాయ పొట్టు ఇరుక్కుందంట,
ఒక రెక్క కొస చిట్లిందంట.
"పదకొండున్నర రెక్కలతో ఎగురుతాదా అన్నా?"
రేపు మాట్లాడదాం,
వార్నిష్ ఆరాల, అన్నాను.