ఒంటిగది ఇల్లు

మంచు కరిగి నది గట్టు దాటొస్తే
సూమాలో దాన్ని వరద అనరు,
అయిదో రుతువంటారు.
బడి మెట్లు మునిగాయి.
పిల్లలు నలుగురూ దుంగ దోనెలో
మా వంటింటి దాకా వచ్చి
కిటికీ కొక్కేనికి తాడు కట్టారు.

"ఇవాళ ఏం పాఠం, లీలో టీచర్?"
బూటులోంచి బురదనీళ్లు ఒంపుతూ అడిగాడు అత్స్.
"ఆగు, ఒంపకు" అన్నాను,
"అదే పాఠం."

అద్దమున్న పాత మైక్రోస్కోపు,
పక్కన దీపం, గాజుపలక మీద ఒక చుక్క.
ముందు ఏమీ లేదు.
పిర్గిత్ తన కనురెప్ప వెంట్రుకలే చూసుకుని
"నల్ల గడ్డి!" అని అరిచింది.

తర్వాత కదిలింది,
గంజి బొట్టుకి ఎక్కడికో వెళ్లాలని గుర్తొచ్చినట్టు.
కాళ్లు లేవు.
కావలసిన చోట కాలు పుట్టించుకుంటుంది,
పనయ్యాక ఒంట్లో కలిపేసుకుంటుంది.
నోరూ లేదు,
ఆకలేస్తే ఒళ్లంతా నోరే.

"మీ ముత్తాతల ఇళ్లు చూశారుగా,
పొయ్యి, పడక, ఆరబోసిన రై గింజలు,
పొగ, దగ్గు, పురుడు, అన్నీ ఒక్క గదిలోనే.
మనం లక్షల కోట్ల గదుల మేడలం.
ఈ అమీబా ఒంటిగది ఇల్లు.
గోడా అదే, ఇంట్లో మనిషీ అదే."

"మరి దానికి బెంగ వెయ్యదా?" రూబెన్ అడిగాడు.
మెదడు లేదని చెప్పాను.
"నేనడిగింది మెదడు గురించి కాదు" అన్నాడు.

సూపు కాగింది, తిన్నాం.
పలక ఆరిపోకుండా అంచున నీళ్లు తడుపుతూ
వంతులవారీగా కాపలా కాశారు.
నేను గిన్నెలు తోముతుంటే కేక!
నడుం సన్నబడింది,
ఇంకా సన్నబడింది,
తెగింది.
రెండు.

"అమ్మ ఏది, పిల్ల ఏది?"

పన్నెండేళ్లుగా చెబుతున్నాను ఈ పాఠం.
ఈ ప్రశ్న వచ్చేలోపే
గబుక్కున పేజీ తిప్పేసేదాన్ని.

మిర్తెల్, ఉదయం నుంచీ నోరు విప్పని పిల్ల,
నల్లరొట్టెని రెండుగా విరిచింది.
"ఇందులో పాత రొట్టె ఏది?" అని
ఒక ముక్క నా చేతిలో పెట్టింది.

చీకటి పడక ముందే దోనె విప్పారు.
పలక కడిగిన నీళ్లు కూడా
అత్స్ తన బూటులోనే పోయించుకున్నాడు.
ఒంటి బూటుతో, రెండో కాలు మేజోడు తడిసిపోతూ,
నిండు బూటుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.
రూబెన్ తెడ్డు వేస్తుంటే
"మెల్లిగా రా! వీళ్లింకా చిన్నపిల్లలు"
అంటున్నాడు.