గాల్లో మైకు

అరండల్‌పేట నాలుగో లైన్లో
మెట్ల కింద గది తాళం తీస్తే
ముందు వెనిగర్ వాసన కొట్టింది.
ఫిలిం కుళ్లితే అలాగే ఉంటుంది బాబూ,
ముక్కు మూసుకోకు, మీ తాతే అది.

కుర్రాడు నవ్వలేదు.
చేతిలో అగ్గిపెట్టంత హార్డ్‌డిస్కు,
నలభై ఏళ్లూ అందులో పడతాయట.
వర్ధంతికి హాలు మాట్లాడారు,
గోడ నిండా ఫొటోలు కావాలి.
తాతయ్య క్లియర్‌గా ఉన్నవే అంకుల్,
పక్కవాళ్లని తీసేద్దాం.

నేనీ స్టూడియోలో రీటచర్ని.
జిలానీగారు బటన్ నొక్కేవారు,
నేను అద్దం కింద లైటేసుకుని
మొనదేలిన పెన్సిలుతో
సదాశివరావుగారి నుదుటి గీతలు పూడ్చేవాణ్ణి,
ఎన్నికకి రెండు చొప్పున.
ఓడిన ఏడాది నాలుగు.

కవర్లు జాగ్రత్త.
అవతలి పార్టీ కరపత్రాలతో అంటించినవి,
మిగిలిపోయిన కాగితం కేజీ లెక్కన కొనేవాళ్లం.
పైన వాళ్ల వాగ్దానాలు,
లోపల మీ తాత.

వెలుతురుకి పట్టి చూడు.
నెగటివ్‌లో ఆయనకి ముప్పయ్యేళ్లకే తల ముగ్గుబుట్ట,
అరవైలో నిగనిగా నలుపు,
రంగు వేయడం మొదలెట్టాక మళ్లీ తెలుపు.
ఖద్దరు మాత్రం మొదట్నుంచీ బొగ్గే.
నేనేమీ అనడంలేదు,
నెగటివ్ గుణం అది.

ఇదిగో, మా పేట వాటర్ ట్యాంకు శంకుస్థాపన.
ఇదీ అదే.
ఇదీనీ.
తాపీ ఒకటే, చొక్కా మారింది.
పక్కన బిందె పట్టుకున్న పిల్ల
మూడోదాంట్లో చంకన బిడ్డతో నిలబడింది.

మిర్చియార్డులో తీసినవన్నీ కాస్త అదిరి ఉంటాయి,
జిలానీగారికి తుమ్ములు ఆగేవి కావు.
మీ తాతకీ కళ్లమ్మట నీళ్లు.
మర్నాడు పేపర్లో అదే ఫొటో,
కింద
రైతుల గోడు విని కంటతడి.

ఇప్పుడీ మూల చూడు.
ప్రతిదాంట్లోనూ ఒక చెయ్యి,
మైకు పట్టుకుని.
అప్పట్లో స్టాండుంటే వైరు అందేది కాదు,
వైరు అందితే స్టాండు ఒరిగిపోయేది,
నల్లచెరువు దానయ్య ఉండేవాడు.
మోచేతి దాకానే వస్తాడు,
మొహం ఎప్పుడూ ఫ్రేము అవతలే.
మొదటి కవర్లో అయిదు వేళ్లు.
కారం మిల్లుకి వెళ్లిన ఏడాది నుంచి నాలుగు.
తర్వాత ఒక వాచీ.
తర్వాత వాచీ లేదు, దాని మచ్చ ఉంది.
ఎండలో రెండు గంటల ఉపన్యాసం,
మణికట్టు వణికితే
ఎడమచెయ్యి వచ్చి కుడిచేతిని పట్టుకునేది.
అదీ పడింది,
నంబరు ఆరువందల పన్నెండు.

నిలువెత్తు పోస్టరు వేసిన ఏడాది
ఆ చెయ్యి అడ్డంగా ఉందన్నారు.
రాత్రి రెండింటిదాకా కూర్చుని
ఎర్రరంగు అద్ది ఆకాశంలో కలిపేశాను.
నాలుగు వేళ్లే కాబట్టి
పని తొందరగా అయింది.

తెల్లారేసరికి ఊరంతా అంటించారు.
శంకర్ విలాస్ సెంటర్ నుంచి పట్టాభిపురం దాకా
ఆయన మాట్లాడుతున్నాడు,
ఎదురుగా మైకు
గాల్లో,
దేనికీ ఆనకుండా.
ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.
దానయ్యే వచ్చాడు స్టూడియోకి.
రెండు టీలు చెప్పి, ఒకటి నా బల్ల మీద పెట్టి
"బాగా కుదిరిందయ్యా" అన్నాడు.
ఆ టీ తాగాను నేను.

ఇదంతా కుర్రాడికి చెప్పానా,
చెప్పాననుకుని ఊరుకున్నానా?
వాడు ఫిలిం ఎత్తిపట్టి అంటున్నాడు,
ఈ చెయ్యి పెద్ద పని కాదంకుల్,
కంప్యూటర్లో రెండు నిమిషాలు.

రసీదు రాసుకున్నాం,
రెండువేల మూడువందల పద్నాలుగు.
ఆటోలోకి అట్టపెట్టెలు నేనే అందించాను.

రాత్రి ఫోను.
ఒకటి తక్కువొచ్చిందంకుల్,
ఆరువందల పన్నెండు.

ఫంగస్ తినేసిందన్నాను.