మలుపు దాకా

మా ఊళ్ళో ఆడోళ్ళు
పాడె వెనక పొగాకు బ్యారన్ మలుపు దాకే వస్తారు.
గీత ఎవరూ గీయలా.
కాళ్ళకే తెలుసు.

మా అమ్మ మాలకొండమ్మ
అక్కణ్ణించి ఎన్నిసార్లు వెనక్కొచ్చిందో.
అమ్మమ్మప్పుడు, మా నాయనప్పుడు.
వచ్చి, వాకిలి కడిగి,
మళ్ళీ బ్యారన్ కాడికి పోయేది, పొయ్యి ఆరిపోద్దని.

మాఘంలో, ఆకు పండే రోజుల్లో, ఆమే పోయింది.

"తలకొరివి తిరుపాలు పెడతాడు" అన్నాడు పెదనాయన.
తిరుపాలు కందుకూరి నించి ఆటో తోలుకుని
అప్పుడే దిగాడు, చొక్కా గుండీలు విప్పుకుంటా.
మంచోడే.
మా అమ్మకి టీలో చక్కెర ఎంతో తెలవనోడు.

నేను నిప్పుకుండ తీసుకున్నా.
పెద్ద మాటలేం అనలా.
ఉట్టి తాడు అరచేతికి చుట్టుకుని నడిచా.
మలుపు దాటినప్పుడు
వెనకాల ఏడుపు టక్కున ఆగింది.
అది ఇంకా నా వీపు మీదే ఉంది.

దింపుడు కళ్ళెం కాడ దించారు.
చెవిలో మూడుసార్లు పిలవాలంట.
పెదనాయన "అమ్మాయ్" అన్నాడు.
తిరుపాలు "పిన్నీ" అన్నాడు.
నేను వంగి, అమా అనబోయి,
మాలకొండమ్మా అన్నా.
పెళ్ళయినాక ఆ పేరు పెట్టి పిలిచింది
రేషన్ షాపాయనా, బ్యాంకాయనా.
పలకలా.
బ్యారన్ కాడ కునుకు తీస్తే
కర్ర జారిన చప్పుడుకే లేచే మనిషి.

పాలేటి ఒడ్డున
తుమ్మ మొద్దులు, సుబాబుల్,
మధ్యమధ్య పనికిరాని పొగాకు కర్రలు.
గోడ కట్టినట్టు ఒత్తుగా పేర్చారు.
ముఖం తిప్పుకుని పెట్టాలి, చూడకూడదు అన్నారు.
పెట్టా.
పొగ. ఉత్త పొగ.
"ఆడది పెడితే ఇట్టాగే" అన్నాడెవరో, దగ్గుతా.

పదేళ్ళప్పుడు బ్యారన్ పొయ్యి ముందు కూచోబెట్టి
అమ్మ చెప్పిన మాట ఒకటుంది:
"నిప్పుకి కట్టె ఒకటే చాలదే, సందు కావాల."

తిరిగి చూశా.
తల వైపు రెండు మొద్దులు లాగా.
గాలి లోపలికి పోయింది.
ముందు చిన్నగా, తర్వాత
వేడెక్కిన గొట్టాల మోత లాగా, బాగా తెలిసిన మోత.
కాటి చెంచయ్య తన పొడుగు కర్ర నా చేతికిచ్చి
పక్కకి తప్పుకున్నాడు.

చెలమ నీళ్ళు నెత్తిన పోసుకుని ఇంటికొస్తే
పంచ నిండా ఆడోళ్ళు.
తిడతారనుకున్నా.
జరిగి చోటిచ్చారు.
చెంబు అందిస్తా సుబ్బరత్తమ్మ అడిగింది:
"తల ఎటేపు పెడతారే?"
"చీర ఉంచుతారా?"
"చప్పుడొస్తదంట గదా, నిజమేనా?"
అరవై ఏళ్ళు, డెబ్బై ఏళ్ళు,
ఒక్కొక్కరు నలుగురైదుగుర్ని సాగనంపినోళ్ళు.
చెప్పా.
దాచకుండా అంతా చెప్పా.

పెదమ్మ మాత్రం ఏమీ అడగలా.
దీపంలో నూనె పోసి, వత్తి ఎగదోసి,
అందరూ పోయినాక నా పక్కన చాప పరుచుకుంది.
"తిరుపాలుకి ముందోడు,
మూడేళ్ళోడు, నీకు తెలవదులే.
ఆ తుమ్మల్లోనే యాడో పూడ్చారు.
మీ పెదనాయన చెయ్యెత్తి చూపించాడు గానీ,
అటంతా తుమ్మలే."

కాసేపు ఆగి,
"పొద్దున ఎముకలేరను పోతావు గదా,
నన్నూ లేపు" అంది.