తెర వద్దు

సావోపాలోలో, సాంతా ఇఫిజీనియా వీధిలో
గ్యాలరీ మూడో అంతస్తు, మెట్ల కింద నా కొట్టు.
కొట్టంటే ఒక బల్ల, ఒక దీపం,
పొద్దస్తమానం వేడిగానే ఉండే టంకం కడ్డీ.

సొరుగు నిండా అరచేతి ఆటలు.
గోరంత బిళ్ళలు, స్టిక్కర్లు ఊడిపోయి
ఏది ఏదో ఎవరికీ తెలియదు.
నేను పేర్లు గుర్తుపెట్టుకోను.
చేతుల్ని అవి ఏం అడుగుతాయో
అది గుర్తుపెట్టుకుంటాను.

ఇది ఊదమంటుంది.
మైకు చిల్లులోకి ఊదితే తెరచాప కదులుతుంది.
జురాందిర్ మనవడికి ఉబ్బసం.
డాక్టరు చెప్తే వినని పిల్లాడు
పడవ చెప్తే విన్నాడు.

ఇది వంచమంటుంది.
బస్సు మలుపు తిరిగితే గోళీ కూడా
గుంటలోకి దొర్లిపోతుంది.
డ్రైవర్ని తిట్టుకుంటూనే ఆడాలి.

ఇదేమో ఏమీ అడగదు.
చేప వస్తుంది, పోతుంది.
నలభై నిమిషాలకో బుడగ.
దీన్నెవడు కొంటాడని నవ్వాను నేనే.
రాత్రి కాపలా కాసే వల్దెలిసే
మూడేళ్ళుగా బ్యాటరీలు మార్పించుకుంటూనే ఉంది.

నా చిన్నప్పుడు ఆటంటే మూడే:
దూకు, కాల్చు, పరిగెత్తు.
ఆ మూడు పొయ్యిరాళ్ళ మీద
ఇప్పుడు ఎవరెవరో ఏవేవో వండుతున్నారు.
ఒకడు ఉత్తరాలు పంచే ఆట వండాడు,
శత్రువే లేడు అందులో, వాన తప్ప.

ఇవన్నీ చూశాక
ఇంకేం వస్తుందిలే అనుకున్నాను.

మంగళవారం. బయట జోరు వాన.
మడతపెట్టిన తెల్లకర్రతో తైనారా వచ్చింది,
ఇరవై కూడా ఉండవు.
బల్ల మీద పెట్టిన యంత్రానికి
తెర నిండా సాలెగూడు లాంటి పగుళ్ళు.

అలవాటు కొద్దీ ధర చెప్పాను:
తెరకి మూడువందల రెయల్స్, శుక్రవారానికి ఇస్తా.

"తెర వద్దండీ.
కుడి స్పీకరు గరగరమంటోంది.
కుడి పక్కనుంచి వచ్చే తోడేలు
ఇప్పటికి రెండుసార్లు చంపింది నన్ను."

ఏమనాలో తోచక
దీపం కాస్త ఇటు తిప్పాను, అటు తిప్పాను.
తనే ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టింది.
కళ్ళు మూసుకోమంది.

చుక్క పడింది. దూరంగా ఇంకో చుక్క.
అంటే అది గుహ.
నా అడుగు కింద ఆకులు, తర్వాత కంకర, తర్వాత
ఏమీ లేదు.
చచ్చాను.
మళ్ళీ మొదలు. మళ్ళీ చచ్చాను.
ఇరవై రెండేళ్ళుగా యంత్రాల పేగులు కలుపుతున్న నేను
ఆటలో అరటిపండునయ్యాను.

"మీరు కళ్ళు మూసుకుని కూడా
చూద్దామనే ప్రయత్నిస్తున్నారు"
అని పకపకా నవ్వింది.
ఏడోసారి ఏరు దాటాను.
నీళ్ళు ఎడమ చెవిలోంచి కుడి చెవిలోకి
నా తల గుండానే పారాయి.

ఎవరు చేశారమ్మా ఇది?
"మీనాస్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు.
పెద్దామెకు చూపు లేదు, చిన్నామెకు ఓపిక లేదు.
చిన్నామె తప్పులు రాస్తుంటే
పెద్దామె విని పట్టుకుంటుందట."

స్పీకర్లో తెగింది వెంట్రుకంత తీగ.
అతికించాను. తోడేలు
స్పష్టంగా, నా భుజం పక్కనే ఊపిరి పీల్చింది.

డబ్బులు లెక్కపెడుతూ, వేళ్ళతో నోట్లు తడుముతూ
అడిగింది: "తెర వెలుగుతోందా?"
పగుళ్ళ వెనక తెల్లగా వెలుగుతోంది,
ఎవరికోసమో.
"ఆర్పేయండి మరి. బ్యాటరీ దండగ."

రిబ్బను లాగేశాను.
తెర పెట్టడమే తప్ప
తీసివ్వడం నాకదే మొదలు.
రసీదు మీద ఏం రాయాలో తెలియక
కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.

స్పీకరు, ఒకటి.
తెర, తీసివేత.
అదనంగా రెండు గంటల ఆట: ఉచితం.